విమానాల రొద - పసిపిల్లల ఆరోగ్యం: ఒక ధ్వని ప్రమాణంపై విమర్శ

2008 మార్చి 23వ తేదీన హైదరాబాదులో ఒక పెద్ద చప్పుడు చోటు మార్చుకొన్నది. అంతవరకు సికింద్రాబాదు మేడలమీదుగా దిగి బేగంపేటలో వాలుతూ ఉండిన ప్రయాణికుల విమానాలు ఆనాటినుంచి నగరానికి దక్షిణాన ఉన్న శంషాబాదుకు మరలిపోయాయి. బేగంపేట, బోయినపల్లి పిల్లలకు తలమీది ఆకాశం సద్దుమణిగింది. పడమట బెంగుళూరు రోడ్డుకు, తూర్పున శ్రీశైలం రోడ్డుకు నడుమనున్న పల్లెల పిల్లలకు అదే ఆకాశం కొత్తగా హోరెత్తసాగింది. 4,260 మీటర్ల పొడవున్న రన్‌వేను గురించీ, ఏటేటా పెరిగే ప్రయాణికుల సంఖ్యను గురించీ పెద్దలు చెప్పుకొనే మాటలు చాలా ఉన్నవి. మూడేళ్ళ పిల్లవాడి చెవికి ఆ విమానాశ్రయం ఎట్లా వినపడుతుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు ప్రభుత్వ ప్రమాణాలలో ఏ సమాధానం ఉన్నదో పరిశీలించవలసి ఉన్నది.

ఈ విషయంలో రెండు శాసనాలు ప్రక్కప్రక్కన పెట్టి చదవదగినవి. మొదటిది 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమావళి. దాని ప్రకారం నివాస ప్రాంతాలలో పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెల్‌లు మించరాదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50, రాత్రి 40. వ్యాపార ప్రాంతాలకు పగలు 65, పరిశ్రమలున్న చోట 75. రెండవది 2018 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ విమానాశ్రయ ధ్వని మండలానికి ప్రత్యేకంగా ప్రకటించిన ప్రమాణం. ఏడాదికి 50,000కు మించి విమానాలు ఎక్కిదిగే రద్దీ విమానాశ్రయాలకు ఇందులో పగలు 70, రాత్రి 65 డెసిబెల్‌లు అనుమతించబడినవి. శంషాబాదు ఈ తరగతిలోనిదే. విమానాలు ఎగిరే చోట అడవిలోని నిశ్శబ్దాన్ని కోరడం తెలివితక్కువ అని ఎవరైనా అంగీకరిస్తారు. కాని ఆ మండలంలోపల ఇండ్లూ, బడులూ, అంగన్‌వాడీలూ ఉన్నప్పుడు, 50కీ 70కీ మధ్యనున్న దూరం ఎంతో తెలుసుకోకుండా దానిని అంగీకరించడం కుదరదు.

డెసిబెల్ అంకెలు కూరగాయల తూకంవంటివి కావు. పది డెసిబెల్‌లు పెరిగితే ధ్వనిశక్తి పది రెట్లవుతుంది. ఇరవై పెరిగితే నూరు రెట్లు. అంటే ధ్వని మండలంలోని బడి గోడకు, నిశ్శబ్ద మండలంలోని బడికన్న నూరు రెట్లు శక్తి తగలడానికి అనుమతి ఉన్నదన్నమాట. చెవికి అది నూరు రెట్లుగా తోచదు. సుమారు నాలుగు రెట్లు గట్టిగా తోస్తుంది. అయితే ఇక్కడ అసలు చిక్కు గట్టిదనంలో లేదు, సగటులో ఉన్నది.

ఈ ప్రమాణాలన్నీ సగటు శక్తిని చెప్పేవి. పగలు అంటే ఉదయం 6 గంటలనుంచి రాత్రి 10 వరకు, 16 గంటలు, 57,600 సెకండ్లు. ఒక విమానం బడి మీదుగా పోయేటప్పుడు ఆరుబయట 30 సెకండ్లపాటు 80 డెసిబెల్‌ల రొద చేస్తుందనుకొందాం. తక్కిన కాలమంతా పూర్తి నిశ్శబ్దమే అనుకొందాం. 80నుంచి 70కి పది డెసిబెల్‌ల తేడా గనుక, మొత్తం కాలంలో పదవ వంతు, అనగా 5,760 సెకండ్లు రొద ఉన్నా సగటు 70ని మించదు. దానిని 30తో భాగిస్తే 192 విమానాలు. గంటకు పన్నెండు, అయిదు నిమిషాలకొకటి. అదే లెక్క నివాస ప్రాంతపు 55కు వేస్తే రోజంతటికి ఆరు విమానాలు వస్తాయి. నిశ్శబ్ద మండలపు 50కి వేస్తే రెండవ విమానం పూర్తిగా పోకముందే కోటా అయిపోతుంది. ఇది శంషాబాదులో తీసిన కొలత కాదు; ప్రమాణం ఎంతవరకు ఓర్చుకొంటుందో చూపే గణితం మాత్రమే. అయిదు నిమిషాలకొకసారి పంతులమ్మ నోరు మూసుకొని నిలబడే బడి కూడా ఈ ప్రమాణం ప్రకారం నిర్దోషి.

పంతులమ్మ మాట రెండడుగుల దూరంలో 65 డెసిబెల్‌లు ఉంటుందనుకొన్నా వెనుక వరుస పిల్లవాడిని చేరేసరికి 55కు తగ్గవచ్చు. తెరిచిన కిటికీ బయటి చప్పుడును 10, మహా అయితే 15 డెసిబెల్‌లే తగ్గిస్తుంది గనుక 80 డెసిబెల్‌ల విమానం గదిలో 65కు పైగానే నిలుస్తుంది. తరగతి గదిలో మాట, చప్పుడుకన్న 15 డెసిబెల్‌లు పైకి ఉండాలని ధ్వనిశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇక్కడ వరుస తలక్రిందులయింది.

పెద్దవాడికి ఇది విసుగు మాత్రమే, పసివాడికి నష్టం. పెద్దవాడు సగం మాట విని తక్కిన సగాన్ని తనకున్న భాషాజ్ఞానంతో పూరించుకొంటాడు. భాషనే నేర్చుకొంటున్నవానికి ఆ నిలువ లేదు. పాలు, కాలు, చాలు, తాలు - ఈ నాలుగు మాటలనూ వేరుచేసేది మొదటి హల్లు ఒక్కటే. అచ్చులు బలమైన ధ్వనులు. హల్లులు, అందునా ప, త, క వంటివి, బహు దుర్బలమైనవి, క్షణంలో అయిపోయేవి. రొదలో మొదట మునిగేవి అవే. హల్లు మునిగిన తరువాత పిల్లవాడికి మిగిలేది నాలుగింటికీ ఒకే 'ఆలు'. మాటలన్నీ దాదాపుగా అచ్చుతో ముగిసే తెలుగులో ఈ హల్లుల భారం మరీ ఎక్కువ.

దీనిని గురించి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బ్రియానా మెక్‌మిలన్, జెనీ సాఫ్రన్ చేసి 2016లో ప్రకటించిన ప్రయోగం చక్కనిది. రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలకు కొత్త మాటలు నేర్పారు. వెనుకనుంచి వేరేవారి సంభాషణ వినిపించారు. నేర్పే గొంతు వెనుకటి చప్పుడుకన్న 10 డెసిబెల్‌లు ఎక్కువైనప్పుడు పిల్లలు నేర్చుకొన్నారు; 5 మాత్రమే ఎక్కువైనప్పుడు నేర్చుకోలేకపోయారు. అయితే అదే మాటలను ముందుగా నిశ్శబ్దంలో వాక్యాలలో వినిపించి, తరువాత చప్పుడులో అర్థం నేర్పితే ఆ అడ్డంకి తొలగింది. వారు వాడినది మాటల చప్పుడు, విమానపు రొద కాదు. ఈ భేదాన్ని మరువరాదు. అయినా అంగన్‌వాడీలో ఏ గంటలో కథ చెప్పాలి, ఏ గంటలో బొమ్మలతో ఆడించాలి అని ఆలోచించేవారికి ఆ ప్రయోగం పనికివస్తుంది.

ఇక విమానాల సంగతి. 1992 మే 17న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో రీమ్ వద్దనున్న పాత విమానాశ్రయం మూతపడి, మరొకచోట కొత్తది తెరుచుకొన్నది. హైదరాబాదులో పదహారేళ్ళ తరువాత జరిగినది అచ్చంగా అదే. స్టాఫన్ హైగీ, గారీ ఇవాన్స్, మోనికా బులింగర్ అనే శాస్త్రజ్ఞులు ఆ మార్పును ముందే పసిగట్టి, పాతదాని దగ్గరా, కొత్తదాని దగ్గరా, వాటితో పోల్చదగిన ప్రశాంత ప్రదేశాలలోనూ కలిపి 326 మంది పిల్లలను ఎన్నుకొన్నారు. మార్పుకు ఆరు నెలల ముందు ఒకసారి, తరువాత ఏడాదికి ఒకసారి, రెండేళ్ళకు ఒకసారి పరీక్షించారు. పరీక్షలు జరిపినది చప్పుడు చొరని బండిలో. కాబట్టి ఫలితం ఆ క్షణపు రొదవల్ల కలిగినదని అనడానికి వీలులేదు. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లలలో దీర్ఘకాలిక జ్ఞాపకం, చదివే శక్తి మెరుగుపడినవి. కొత్తదాని దగ్గరి పిల్లలలో అవే క్షీణించినవి. ఆ కొత్త రొదలోని పిల్లలలో రక్తపు పోటు, అడ్రినలిన్ జాతి హార్మోనులు పెరిగినట్లు కూడా అదే బృందం 1998లో తెలిపింది. శరీరమూ మనస్సూ ఒకే చప్పుడుకు కలిసి జవాబు చెప్పినవి.

ఈ పరిశోధనలోని గొప్ప గుణం అది నష్టాన్ని చూపడం కాదు, కోలుకోవడాన్ని చూపడం. న్యూయార్కులోనూ అట్లాగే జరిగింది. ఎత్తయిన వంతెనమీద రైళ్ళు పోయే వైపు గదులలో కూర్చున్న పిల్లలు అదే బడిలో రెండవ వైపువారికన్న చదువులో దాదాపు ఒక ఏడాది దాకా వెనుకబడినట్లు ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్, డెన్నిస్ మెకార్థీ 1975లో చూపారు. పట్టాల క్రింద రబ్బరు దిండ్లు వేసి, గదులలో ధ్వనిని పీల్చే కప్పు అమర్చిన తరువాత ఆ తేడా కనబడలేదని 1981లో బ్రాన్‌జాఫ్ట్ ప్రకటించింది. లాస్ ఏంజిలస్ విమానాశ్రయం దారిలోని బడుల పిల్లలు పజిల్‌ను పూర్తిచేయకుండా మధ్యలోనే వదిలివేయడం ఎక్కువని 1980లో తేలింది. 'ఎంత ప్రయత్నించినా లాభం లేదు' అనే భావం చిన్నతనంలోనే నాటుకొనడం మానసికారోగ్యానికి సంబంధించిన విషయమే గాని, క్రమశిక్షణకు సంబంధించినది కాదు.

అయితే ఈ పరిశోధనలను కూడా కళ్ళు మూసుకొని మెచ్చుకోరాదు. అన్నింటిలోకి పెద్దది, 2005లో లాన్సెట్ పత్రికలో వెలువడినది, లండన్, ఆమ్‌స్టర్‌డాం, మాడ్రిడ్ విమానాశ్రయాల చుట్టూ 89 బడులలో 2,844 మంది పిల్లలను పరిశీలించింది. విమానాల రొద పెరిగినకొద్దీ చదివి గ్రహించే శక్తి తగ్గినది నిజమే; కాని ఆ తగ్గుదల బ్రిటనులో 5 డెసిబెల్‌లకు రెండు నెలలు, హాలండులో ఒక నెల. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టూ 1,243 మంది రెండవ తరగతి పిల్లలలో మరియా క్లాట్ బృందం కనుగొన్నది 10 డెసిబెల్‌లకు ఒక నెల. లండన్ పిల్లలను ఆరేళ్ళ తరువాత చూస్తే విసుగు మిగిలింది గాని, చదువులోని తేడా గణాంకశాస్త్రం ఒప్పుకొనేంతగా మిగలలేదు. మొత్తంమీద మానసికారోగ్యం చెడినట్లు లాన్సెట్ పరిశోధనలో కనబడలేదు. రక్తపు పోటు విషయంలో హాలండు ఔనన్నది, బ్రిటను కాదన్నది. అందులో రోడ్డు చప్పుడు చదువుకు హాని చేసినట్లు తేలలేదు. 2022లో బార్సిలోనా పరిశోధకులు 38 బడులను చూసి, రోడ్డు చప్పుడు పని జ్ఞాపకపు వికాసాన్ని మందగింపజేస్తున్నదన్నారు. విమానం పోయినచోటల్లా పిల్లలు మొద్దులవుతారని ఊరిని బెదరగొట్టేవారికి ఈ అంకెలు ఊతమివ్వవు. అట్లాగే 'అలవాటు పడిపోతారు లెండి' అనేవారికి కూడా ఇవ్వవు. మ్యూనిక్ పిల్లలు రెండేళ్ళకు కూడా అలవాటుపడలేదు.

అంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. ఈ పిల్లలందరూ బడి ఈడువారు, కథలు చదవగలిగినవారు. మూడేళ్ళనుంచి ఆరేళ్ళ లోపువారు, అనగా 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఎవరికోసం అంగన్‌వాడీలను పెట్టిందో వారు, ఈ పెద్ద పరిశోధనలలో లేరు. ఆ ఇండ్లలో, బడులలో చాలావి చలిదేశపువి. కిటికీలు ఏడాదిలో ఎక్కువ భాగం మూసి ఉంటాయి. శంషాబాదులో ఏప్రిల్ నెలలో కిటికీ మూయమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా వినేవారుండరు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. శంషాబాదు రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. నైరుతి ఋతుపవన కాలంలో గాలి పడమటినుంచి వీస్తుంది కాబట్టి విమానాలు పడమటికి లేచి, తూర్పునుంచి దిగుతాయి. చలికాలంలో తూర్పుగాలి బలపడినప్పుడు వరుస మారుతుంది. జూన్‌లో బడులు తెరిచేనాటి రొదా, సంక్రాంతినాటి రొదా ఒకే ఊరిలో ఒకటిగా ఉండవు. ఏడాది సగటు ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. కొత్తగా బడిలో చేరిన పిల్లవాడికి మొదటి మూడు నెలలూ ఎటువంటివో ఏడాది సగటు చెప్పజాలదు.

నిద్ర విషయంలో ప్రమాణం మరింత వింతగా కనబడుతుంది. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది నిండి మూడేళ్ళు రానివారికి 11 నుంచి 14. చట్టం రాత్రి అనేది 10 గంటలకు మొదలై ఉదయం 6కు ముగుస్తుంది. అంటే ఎనిమిది గంటలు. అది పెద్దవారి రాత్రి. ఎనిమిదింటికి నిద్రపోయిన పిల్లవాడికి మొదటి రెండు గంటలూ చట్టం దృష్టిలో పగలే, 70 డెసిబెల్‌ల అనుమతి గల పగలే. ఎదుగుదలకు తోడ్పడే హార్మోను రక్తంలోకి ఎక్కువగా విడుదలయ్యేది నిద్రపట్టిన కొద్దిసేపటికి వచ్చే గాఢనిద్రలో. ఆ గాఢనిద్ర చట్టపు పగటిలో పడుతున్నది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చాపలమీద పడుకోబెట్టిన పిల్లల కునుకు సంగతి చెప్పనే అక్కరలేదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: పెద్దలంత తేలికగా చిన్నపిల్లలు చప్పుడుకు మేలుకోరు. కాని మేలుకోకపోయినా నిద్రలో వారి గుండె వేగం చప్పుడుకు స్పందిస్తుంది. విమానపు రొద వల్ల ఎదుగుదల ఆగిపోతుందని ఎవరూ నిరూపించలేదు. నిద్రపోయే గంటలను నిద్రగంటలుగా లెక్కించమని అడగడానికి ఆ నిరూపణ అవసరం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా దేశాలకు 2018లో చేసిన సిఫారసు విమానాల రొద పగలు, సాయంత్రం, రాత్రి కలిపి 45 డెసిబెల్‌లకు, రాత్రి 40కి దిగువన ఉండాలని. ఆ లెక్కలో సాయంత్రపు చప్పుడుకు 5, రాత్రి చప్పుడుకు 10 డెసిబెల్‌లు అదనంగా కలుపుతారు గనుక దానిని 70తో నేరుగా పోల్చకూడదు. అదే ఏడాది, అదే విజ్ఞానశాస్త్రం అందుబాటులో ఉండగా, ఢిల్లీలో వెలువడిన ప్రమాణం వ్యాపార ప్రాంతపు హద్దును కూడా దాటి పరిశ్రమల హద్దుకు సమీపంలో నిలవడం మాత్రం గమనింపదగినది. విమానాశ్రయాన్ని పరిశ్రమగా చూసినవారికి అది సబబుగానే తోచి ఉంటుంది.

లండన్‌లో హీత్రో విమానాశ్రయం దారిలోనున్న హౌన్‌స్లో హీత్ శిశు పాఠశాలలో పిల్లలు ఆరుబయట చదువుకొనేందుకు మట్టి సంచులను గుండ్రంగా పేర్చి, పైన మట్టి మెత్తి గుమ్మటాలు కట్టారు. ఇందులోని భౌతికశాస్త్రం చాలా సులభం: గోడ బరువు రెట్టింపయినప్పుడల్లా సుమారు 6 డెసిబెల్‌ల చప్పుడు అదనంగా ఆగుతుంది. బరువే ప్రధానం, ధర కాదు. తెలంగాణ పల్లెల పాత మట్టిమిద్దెలు ఎండకోసం ఆ బరువును మోశాయి. అవి చప్పుడును కూడా ఆపేవి. రేకుల గదిలో నడిచే అంగన్‌వాడీ అయితే ఎండకూ, వానకూ, విమానానికీ సమానంగా తెరిచి ఉన్నట్లే. రెండు అద్దాల కిటికీలూ, వాటితోపాటు గాలియంత్రాలూ కొనిపెట్టేకన్న, బరువైన కప్పు, రన్‌వే వైపు కాక ఎదుటి వైపు తెరుచుకొనే కిటికీలు, లోపల ధ్వనిని పీల్చే పైకప్పు - ఇవి ఈ వాతావరణానికి తగిన మార్గాలు. ధ్వని మండలంలో కొత్త అంగన్‌వాడీకి స్థలం చూసేటప్పుడు నీటికుళాయిని చూసినట్లే ఒక పూట విమానాలను లెక్కపెట్టి చూడడం ఖర్చులేని పని. 75 డెసిబెల్‌లు దాటిన విమానాలు బడిగంటలలో ఎన్ని, కునుకుగంటలలో ఎన్ని అన్న రెండు అంకెలు పంతులమ్మకు అర్థమవుతాయి. 16 గంటల సగటు ఆమెకు అక్కరకు రాదు.

శంషాబాదులో 2008కి ముందరి కొలతను ఇప్పుడెవరూ తీయలేరు. తెలుగునేలపై అటువంటి రెండవ మార్పు విశాఖపట్నపు పౌర విమానాలను విజయనగరం జిల్లా భోగాపురానికి తరలించే పథకం. 2023 మే 3న దానికి శంకుస్థాపన జరిగింది. మ్యూనిక్ పద్ధతిని అక్కడ అనుసరించాలంటే మార్పులు కొన్ని చేయవలసి ఉంటుంది. పదేళ్ళవారితోపాటు మూడేళ్ళవారు ఉండాలి. పరీక్ష పాలు, కాలు, చాలు వంటి జంటమాటలతో తెలుగులో జరగాలి. కిటికీలు తెరిచిన గదిలోని చప్పుడును కొలవాలి. నైరుతిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూడాలి. పాతచోట రొద తగ్గిన పిల్లలను కూడా విడువక చూడాలి.